కారణం రాయకపోతే సేవ్ అవదు

నవ్వారట. పడీ పడీ నవ్వారట. ఆ మాట చెప్పి తమ్ముడు కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ లిఫ్టెక్కి వెళ్ళి నాలుగు నిమిషాలైంది. ఆమె చెవుల్లో మాత్రం ఆ నవ్వు ఆగలేదు. తను వినని నవ్వు, తనకి ముఖాలు తెలియని మనుషుల నవ్వు, ఈ గాజు గదిలో, పొడుగాటి బల్లకి అవతల వరసగా ఉన్న ఎనిమిది ఖాళీ కుర్చీల్లోంచి వస్తున్నట్టే ఉంది. 'ఒకావిడ ఉందక్కా, మన గల్లా యాప్‌లో ప్రతి శుక్రవారం బస్సు ఛార్జీ రాస్తుంది. కారణం గడిలో ఏం రాస్తుందో తెలుసా? చెల్లి ఇంటికి, ఏడవడానికి. పోయిన వారం ఆ కొనేవాళ్ళకి చూపిస్తే పడీ పడీ నవ్వారు. ఈ కారణాల గడి ఒక్కటీ ఇవ్వండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నారు.' చెబుతూ వాడూ నవ్వాడు. పెన్‌డ్రైవ్ ఒకటి బల్ల మీద పెట్టి, చూపుడు వేలితో ఆమె వైపు తోసి, 'పదకొండింటికల్లా అవన్నీ ఇందులో వేసి ఉంచు ఆడిటరక్కా, నేను హోటల్‌కెళ్ళి వాళ్ళని తీసుకొచ్చేస్తా' అన్నాడు. కూరగాయల సంచి కాస్త అందుకో అన్నంత తేలిగ్గా అన్నాడు.

ఆమె సరే అంది. అదీ అసలు మంట. సరే అంది. నోరు దానంతటదే అంది, తల కూడా ఊపింది, వాడు వెళ్ళాక గాని ఒళ్ళు మండడం మొదలవలేదు, ఇప్పుడు మండుతోంది, అరికాలి నుంచి నెత్తి దాకా. అప్పులిచ్చే కంపెనీ తమ యాప్‌ని కొంటోందంటే ఏం కొంటుందనుకుంది తను? పేజీలు, పటాలు, లెక్కకట్టే పద్ధతి, నెల తిరిగేసరికి ఎవరి ఖర్చు ఎంతైందో రంగురంగుల ముక్కలుగా చూపించే ఆ చక్రం, అదే కదా. తన చేతి పని. ఉద్యోగం వదులుకుని పదకొండు నెలలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, వాషింగ్ మెషీన్ చప్పుడులో కట్టింది. దాన్నిచ్చేసి డబ్బు తీసుకుందామనుకుంది, తప్పేముంది. కానీ వాళ్ళకి చక్రం అక్కర్లేదు. చక్రాలు వాళ్ళ దగ్గర బోలెడు. వాళ్ళకి కావలసింది ఎవరు ఏ తారీఖుకి ఖాళీ చేతులతో మిగులుతారో, ఎందుకు మిగులుతారో అది. ఎవరి మందులు, ఎవరి ఫీజు, ఎవరికి తెలియకుండా ఎవరికి పంపిన సొమ్ము. అది తెలిస్తే ఆ రోజు పొద్దున్నే, సరిగ్గా ఆ పూటకి, ఫోన్లో నవ్వుముఖం పెట్టి పలకరించొచ్చు, మీకు డబ్బు అవసరమా అని. వడ్డీ ఎంతో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండు వేల మూడు వందల పదకొండు మంది. చెల్లి ఇంటికి వెళ్ళి ఏడ్చే ఆవిడ అందులో ఒకావిడ. ఆవిడకి వచ్చే గురువారం సాయంత్రం ఏం సందేశం వెళ్తుందో ఊహించుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

పది గంటల ఏడు నిమిషాలు. సంతకం పెట్టనంటే? అనొచ్చు. కంపెనీలో సగం తనది. మిగతా సగం వాడిది, మొదట్లో సర్వరు అద్దె వాడే కట్టాడు, జనాన్ని చేర్చిందీ వాడే, ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు, కాదనడానికి లేదు. సగం మనిషి సంతకం పెట్టకపోతే అమ్మకం ఆగుతుంది. కారణాలు ఆగవు. తాళం చెవి వాడి దగ్గరా ఉంది, ఒక్కొక్కటి తెరిచి చూడ్డం వచ్చు, మొత్తం ఒకేసారి బయటికి తీయడం తెలియదంతే. ఇవాళ తెలియదు, రేపు తెలిసినవాణ్ణి వెయ్యో రెండు వేలో ఇచ్చి పెట్టుకుంటాడు. ఆమె సంతకం పెట్టినా, పెట్టకపోయినా ఆ గడిలో ఉన్నవి గడప దాటిపోతాయి. దాటకూడదంటే గడిలో ఏమీ ఉండకూడదు. ఎంత తేలికైన మాట. ఆమె లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. చెరిపేస్తే? ఒక్క లైను కోడు చాలు. కానీ అవి వాళ్ళవి. రెండేళ్ళుగా ఒక్కొక్కటే రాసుకున్నవి. వాళ్ళని అడక్కుండా అమ్మేవాడు ఒకడు, అడక్కుండా చెరిపేది ఇంకొకత్తె, ఇద్దరూ ఒక తల్లి పిల్లలే అనిపించుకోవాలా.

వాణ్ణంటున్నావు గానీ, ఆ గడి పెట్టిందెవరు? ఈ ప్రశ్న ఎటు నుంచి వచ్చిందో వచ్చి ఎదురుగా ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఎవరూ అడగలేదు ఆ గడి. ఖర్చుల లెక్క రాసే యాప్‌కి కావలసింది మూడే: ఎంత, ఎప్పుడు, ఏ పద్దు. తిండి, అద్దె, ప్రయాణం, మందులు. అంతే. నాలుగోది ఆమె పెట్టింది. కారణం. పెట్టి ఊరుకుందా, పక్కన ఎర్ర చుక్క పెట్టింది, రాయకపోతే సేవ్ బటన్ బూడిద రంగులో చచ్చిపడి ఉండేట్టు కట్టింది. మొదటి నెల్లో జనం దాన్ని తప్పించుకోడానికి అడ్డమైన అక్షరాలూ కొట్టారు, చుక్కలు పెట్టారు, ఒకాయన రోజూ 'ఆఆఆ' అని రాస్తున్నాడని తమ్ముడే చూసి చెప్పాడు. అప్పుడైనా ఆగాలి కదా మనిషన్నాక. ఆగలేదు. పంతం పట్టింది. ఒకే అక్షరం మళ్ళీ మళ్ళీ కొడితే తీసుకోదు, కనీసం రెండు మాటలు ఉండాలి, అని కొత్త నిబంధన రాసింది. ఆ రోజు ఎంత సంబరపడిందో గుర్తుంది. లేచి వెళ్ళి కాఫీ కలుపుకుని కిటికీ దగ్గర నిలబడి తాగింది, దొంగల్ని పట్టుకున్నదానిలా. ఇప్పుడెలా తప్పించుకుంటారో చూస్తా అనుకుంది. ఎవరు తప్పించుకోవాలి? దేన్నించి? వాళ్ళ డబ్బు, వాళ్ళ ఖర్చు, మధ్యలో నువ్వెవతివి. అలా అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. రెండు మాటలు రాయమంటే రాశారు పాపం, రాస్తూ రాస్తూ అలవాటైపోయి నిజం రాయడం మొదలుపెట్టారు. అబద్ధం రెండు మాటల్లో అల్లడం కన్నా నిజం రాయడం సులువు.

దేనికి? నాన్న గొంతు. నాన్న ఎప్పుడూ గొంతు పెంచలేదు, ఆయన్ని తిట్టుకోడానికి పట్టు దొరక్కపోవడానికి అదే కారణం. లారీల కాటా దగ్గర గుమాస్తా. లోపలికి వెళ్ళేటప్పుడు లారీ బరువు ఒకటి, బయటికి వచ్చేటప్పుడు ఒకటి, మధ్య తేడాకి కాగితం ఉండాలి. ముప్పై ఏళ్ళు ఆ పనే చేశాడు, ఇంటికొచ్చి అమ్మ మీదా అదే చేశాడు. శనివారం సాయంత్రం కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుతూ, అమ్మ చేతికి వారానికిచ్చిందెంత, మిగిలిందెంత, తేడా దేనికి. అరవడు, కొట్టడు. దేనికి అంటాడు, అని రెండో బూటు విప్పుతాడు. ఒక నోటుబుక్కు, అట్ట మీద సీరా మరక. అమ్మది కోడి గెలికినట్టుండే రాత, నాన్నకి చదవబుద్ధి కాదు, అందుకని రాసే పని తొమ్మిదేళ్ళ కూతురికి అప్పజెప్పాడు. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళేది. అమ్మా, ఇది దేనికి? అమ్మా, పన్నెండు దేనికి? పిన్నీసులకి. పిన్నీసులు ఎందుకు అన్ని? జాకెట్టు హుక్కులు ఊడాయే తల్లీ, రాసుకో. రాసుకునేది. గుండ్రటి అక్షరాలు. నాన్న తల నిమిరి 'నా ఆడిటరు' అనేవాడు, తమ్ముడు కుళ్ళుకునేవాడు, ఆ పేరే ఇప్పటికీ వాడి నోట్లో ఆడిటరక్కా అని నలుగుతోంది, ఆమెకీ ఇవాళ్టి పొద్దుటి దాకా అది ముద్దుపేరే.

ఒక వారం నలభై తేడా వచ్చింది. అమ్మ గిన్నెలు తోముతోంది, వెనక్కి తిరగలేదు. 'చెప్పు తెగితే కుట్టించానని రాయి' అంది. రాసింది. రాసి, ఆగింది. వసారాలోకి వెళ్ళి అమ్మ చెప్పులు తిరగేసి చూసింది, ఎడమది, కుడిది, పట్టీలు లాగి మరీ చూసింది. ఎక్కడా కుట్టు లేదు. పోనీ నోరు మూసుకోవచ్చు కదా, తొమ్మిదేళ్ళ పిల్లవి, అన్నం పెట్టే చేతికి కాస్త చాటివ్వచ్చు కదా. ఉహూ. నోటుబుక్కు చదివేటప్పుడు ఆ లైను దగ్గరకొచ్చి, 'చెప్పుకి కుట్టు లేదు నాన్నా' అంది. ఆ మాట అన్నప్పుడు గదిలో ఎవరెక్కడ ఉన్నారో, వీధిలో ఏ బండి వెళ్ళిందో, అన్నీ ఉన్నాయి మనసులో, ఏ సర్వరులోంచీ చెరిపే లైను లేదు దానికి. నాన్న తల ఊపి రెండో బూటు విప్పాడు. తర్వాతి వారం నలభై తగ్గించి ఇచ్చాడు. అమ్మ లెక్కపెట్టుకుంది, కూతురి వైపు ఒక్కసారి చూసింది, డబ్బాలో పెట్టుకుంది. ఆ చూపు తిట్టుగా ఉంటే బాగుండు. కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. నాన్న పోయి ఆరేళ్ళు. ఆయన కుర్చీ ఎవరికో ఇచ్చేశారు, నోటుబుక్కులు చిత్తుకాగితాల వాడికి వేశారు. ఆయన అడిగేది మాత్రం కూతురు చక్కగా ఎత్తుకొచ్చి, ఎర్ర చుక్క పెట్టి, రెండు వేల మూడు వందల పదకొండు ఇళ్ళలో కూర్చోబెట్టింది. ఆయనకి ఒక్క భార్యే దొరికింది. ఈమెకి ఊళ్ళకి ఊళ్ళు దొరికాయి.

ఆమె పళ్ళు కొరుక్కుంటూ కీబోర్డు మీద పడింది. ఎవరివి వాళ్ళకి పంపాలి. ముందు పంపాలి, తర్వాత తుడవాలి. ప్రతి మనిషి పేర ఒక ఫైలు, తారీఖు, మొత్తం, కారణం, వాళ్ళ మెయిలుకి. చదవకూడదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరిదీ తెరిచి చదవలేదు, పరీక్షలన్నీ తన సొంత పద్దు మీదే చేసుకుంది, ఆ ఒక్క నియమం ఉందని ఇన్నాళ్ళూ తనని తాను మంచిదాన్ననుకుంది. తాళం పెట్టి గది కట్టి, తాళం తమ్ముడికి కూడా ఇచ్చి, నేను మాత్రం లోపలికి తొంగి చూడలేదని మురిసిపోవడం. ఎంత గొప్ప. మెయిల్లో ఏం రాయాలి? నాలుగు సార్లు రాసి కొట్టేసింది, క్షమాపణలు, వివరణలు, అన్నీ తన గొడవే. చివరికి మూడు ముక్కలు మిగిలాయి. మీరు రాసినవి ఇవి. మీ దగ్గరే ఉంచుకోండి. ఇవాళ్టి నుంచి మా దగ్గర ఉండవు. పది ఇరవై రెండుకి పంపడం మొదలైంది. నిమిషానికి వంద మెయిళ్ళకి మించి ఒప్పుకోదు ఈ దిక్కుమాలిన సర్వీసు, ఎక్కువ డబ్బు కట్టి పెద్దది తీసుకుందామంటే ఆరు నెలల కిందట వద్దన్నది తనే, పొదుపు. వంద. రెండు వందలు. తెర మీద అంకె మెల్లగా కదులుతోంది. అద్దం అవతల వేరే ఆఫీసు వాళ్ళు కప్పులు పట్టుకుని తిరుగుతున్నారు, ఒకతను లోపలికి చూసి మర్యాదగా నవ్వాడు. ఏం చూసి నవ్వుతున్నావు నాయనా, ఇక్కడ రెండేళ్ళ సంపాదన తగలబడుతోంది. అవును, అదీ ఉంది. ఈ డబ్బు వస్తే రెండేళ్ళ జీతం తిరిగి వచ్చినట్టే. రాదిక. మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి, మధ్యలో ఈ ఖాళీ దేనికొచ్చింది అని ఎవడో కుర్రమేనేజరు అడుగుతాడు. దేనికి. అడిగితే మొహం మీద చెప్పొచ్చు.

పన్నెండు వందల దగ్గర అంకె ఆగింది. పది ముప్పై నాలుగు. ఆగిపోయి కదలదు. ఫోను మోగింది, తమ్ముడు.

'అక్కా, దార్లో ట్రాఫిక్కే లేదు. కింద పార్కింగులో ఉన్నాం. పైకొచ్చేస్తున్నాం.'

'రావద్దు.'

'అదేంటి?'

'ఫైలు ఇంకా అవలేదు. కింద కాఫీ షాపు ఉందిగా, కూర్చోబెట్టు.'

'ఎంతసేపక్కా? మేనేజరుగారికి మళ్ళీ విమానం ఉంది.'

'కాఫీ తాగే మనిషే కదా, తాగనియ్యి. ఏదైనా తినిపించు. పదకొండన్నావు, పదకొండుకే రా.' వాడు ఏదో గొణిగి పెట్టేశాడు. గొంతు నొక్కుకుని, పక్కనున్నాయనకి వినబడకుండా, మర్యాదస్తుడిలా. నాన్న పోలిక. ఆ ఆలోచన రాగానే నవ్వొచ్చింది ఆమెకి, చేదు నవ్వు. పోలికల సంగతి నువ్వు మాట్లాడకు తల్లీ. ఆగిన చోటు నుంచి మళ్ళీ కదిలించింది, కదిలింది, పదమూడు వందలు, పద్నాలుగు. లిఫ్టు టింగుమన్న ప్రతిసారీ మెడ తిరుగుతోంది. పద్దెనిమిది వందలు. ఎక్కడో ఎవరో ఫోను తీసి చూసుకుంటుంటారు, బస్సులో, ఆఫీసులో, ఆస్పత్రి వరండాలో. తాము రాసుకున్నవన్నీ వరసగా. ఇదేంటిదంతా నేనే రాశానా అనుకుంటారు. కొందరు భయపడతారు. కొందరు తిడతారు. తిట్టాలి. ఒక్కరైనా తిట్టాలి.

మళ్ళీ ఫోను. తమ్ముడనుకుని కసిరేయబోయింది. అమ్మ. దంతవైద్యుడి క్లినిక్కులో రిసెప్షన్ కుర్చీలోంచి, వెనక ఏదో యంత్రం గుయ్యిమంటోంది. యాభై ఎనిమిదో ఏట మొదటి జీతం తీసుకున్న మనిషి, గల్లా యాప్‌కి మొదటి ఖాతా ఆవిడదే. గల్లా అన్న పేరు పెట్టిందీ ఆవిడే.

'ఏమే, గల్లా నుంచి ఏదో మెయిలొచ్చింది. మూసేస్తున్నారా?'

'లేదమ్మా. నువ్వు రాసిన కారణాలు నీకు పంపా. ఇక్కడ తీసేస్తున్నాను.'

'నావి పంపడానికేముందే. అన్నీ ఒకటేగా.'

'ఒకటేనా?'

'చూళ్ళేదూ?'

'ఎవరివీ చూడనమ్మా.'

'రోజూ చూస్తావనుకున్నానే. ఆడిటరువి కదా. నువ్వు చూస్తావనే రాసేదాన్ని' అంది అమ్మ, మామూలుగా, పేషెంటుకి టోకెన్ నంబరు చెప్పినట్టు. 'చూడు, ఏం పరవాలేదు. ఉండు, ఎవరో వచ్చారు.'

ఫోను చెవికి ఉండగానే అమ్మ ఖాతా తెరిచింది. ఆరు వందల ముప్పై ఎనిమిది పద్దులు. బస్సు, ఇరవై, నా ఇష్టం. చెప్పులు, నా ఇష్టం. పళ్ళు, నా ఇష్టం. సినిమా, నా ఇష్టం. ఆటో, నా ఇష్టం. కిందికి లాగింది, ఇంకా కిందికి, తెర పరుగెడుతోంది, ఆ రెండు మాటలే నిట్రాడులా నిలువునా నిలబడి ఉన్నాయి, రెండేళ్ళు, ఒక్క పద్దు తప్పకుండా. మొదట్లో ఒకసారి అమ్మ ఫోను చేసి 'ఊరికే అని రాస్తే తీసుకోవట్లేదేంటే నీ యంత్రం' అంటే, 'రెండు మాటలుండాలమ్మా, సరైన కారణం ఏదైనా రాయి' అని విసుక్కుంది తను. సరేలే, రాస్తా, అంది అమ్మ. రాసింది. ఎవరికి రాసిందో ఇప్పుడు తెలిసింది. ముఖం మీద ఎవరో చాచి కొట్టినట్టుంది, కొట్టించుకోవడం ఇంత హాయిగా ఉంటుందని తెలియదు.

'అమ్మా.' అవతల అమ్మ ఎవరికో రెండో కుర్చీలో కూర్చోండి అని చెబుతోంది. 'అమ్మా, ఆ చెప్పు కుట్టించిన నలభై...'

'గుర్తుందిలే' అంది అమ్మ.

దేనికమ్మా అది, అని నాలుక చివరి దాకా వచ్చేసింది. ముప్పై ఏళ్ళుగా కాచుక్కూర్చుంది ఆ మాట, ఇప్పుడడిగితే చెబుతుందేమో కూడా. ఆమె పెదవి కొరికి పట్టుకుంది, నొప్పెట్టేదాకా.

'ఏంటే, ఆగిపోయావు?'

'ఏం లేదు. సాయంత్రం వస్తా.'

రెండు వేల మూడు వందల పదకొండు. పది యాభై ఒకటి. అన్నీ వెళ్ళాయి. ఇక తుడవడం. వేళ్ళు తమంతట తామే ఒక లైను కొట్టాయి, కారణాలున్న చోటల్లా, అందరివీ, లక్షల గడుల్లో, నా ఇష్టం అని పడేట్టు. కొట్టి చూసుకుంటే కడుపులో చల్లగా అనిపించింది. రానీ ఆ నవ్వేవాళ్ళని, ఎంత లాగినా ఆ రెండు మాటలే చూసుకుంటారు, నవ్వుకోమను. ఎంటర్ మీద వేలు పెట్టి, నొక్కలేదు. ఆ శుక్రవారపు ఆవిడ అలా అనలేదు కదా. ఆవిడ చెల్లి దగ్గర ఏడవడానికి వెళ్ళింది. ఆవిడ చెప్పని కారణం ఆవిడ పేరు పక్కన రాయడానికి నువ్వెవరు, మళ్ళీ చెవి వెనక పెన్సిలు పెట్టుకుని బయల్దేరావా. లైను కొట్టేసింది. ఇంకో లైను రాసింది, ఏమీ ఉండకూడదని. నొక్కింది. నిన్నటి బ్యాకప్పు, మొన్నటిది, పదిహేను రోజులవీ వెతికి వెతికి తీసేసింది. తర్వాత ఎర్ర చుక్కనీ, రెండు మాటల నిబంధననీ, ఆ నిబంధన కింద ఆ రోజు మురిసిపోతూ రాసుకున్న చిన్న వ్యాఖ్యతో సహా పీకేసి, కొత్త పేజీని జనంలోకి వదిలింది. అరచేతులు బల్లకి ఆనించి కూర్చుంది. కోపం తగ్గుతుందేమో అనుకుంది. తగ్గలేదు. సరైన చోట కూర్చుందంతే.

లిఫ్టు టింగుమంది. తమ్ముడు తలుపు తీసి పట్టుకున్నాడు. బూడిద రంగు కోటులో మేనేజరు, ఆయన వెనక సంచితో ఇంకొకతను. 'మా అక్క, మొత్తం కట్టింది తనే' అన్నాడు తమ్ముడు గర్వంగా, ఆ గర్వం నిజమైనదే, అదే గుండెలో గుచ్చుకుంది. ఆమె లేచి, పెన్‌డ్రైవ్‌ని వాడి వైపు తోసి, గోడ మీది పెద్ద తెర వెలిగించింది. పద్దులు వరసగా వచ్చాయి. తారీఖు, మొత్తం, పద్దు. చివరి వరస తెల్లగా ఉంది, పై నుంచి కింది దాకా.

'ఇక్కడేదో లోడవ్వలేదు' అన్నాడు మేనేజరు.

'లేదండీ, అంతే ఉన్నాయి. కారణాలు ఎవరివి వాళ్ళకి పంపేశాం. మా దగ్గర లేవు. బ్యాకప్పు కూడా లేదు.'

తమ్ముడి ముఖంలో రంగు దిగిపోయింది. 'అక్కా' అన్నాడు, చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి వెళ్ళింది. వాడు అడ్వాన్సు తీసుకున్నాడని ఆ ముఖం చూస్తే ఆమెకి అప్పుడర్థమైంది. ఎంతో తీసుకున్నాడో, సరే, అది అక్కాతమ్ముళ్ళ గొడవ, చాలా ఏళ్ళు నడుస్తుంది, నడవనీ. మేనేజరు ఇంకా తెరనే చూస్తున్నాడు, వదులుకోబుద్ధి కాక. ఆయన చూస్తుండగానే పైన ఒక కొత్త పద్దు వచ్చి పడింది. పదకొండు గంటల రెండు నిమిషాలు, ప్రయాణం, అరవై. చివరి గడి ఖాళీ. ఎక్కడో ఎవరో సేవ్ నొక్కారు, అది సేవ్ అయింది.

'ఇది ఇప్పుడే వచ్చిందిగా' అన్నాడాయన, వేలితో చూపిస్తూ. 'మరి దీనికి కారణమేది?'

'అడగలేదండీ' అంది ఆమె.